ముందు ఫేసు చూడాలి, తర్వాతే ప్యాకింగ్ కొనాలి

(విజయవాడ ఆటోనగర్‌లో యువ మెకానిక్‌లకు చేసిన ప్రసంగ పాఠం)

నమస్కారం అండీ. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? సరే. ఆదివారం పూట ఇంటి పట్టున ఉండాల్సిన రోజు ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం.

కారు ఇంజను విప్పాక ఏ జాయింటుకు ఏ ప్యాకింగ్, అంటే గ్యాస్కెట్, వెయ్యాలో చెప్పమన్నారు నన్ను. మనలో చాలామంది స్పేర్ పార్ట్స్ షాపుకెళ్లి ‘మంచి ప్యాకింగ్ ఇవ్వన్నా’ అంటాం. షాపతను రెండు మూడు రకాలు ముందు పెడతాడు. రేటు ఎక్కువున్నది మంచిదనుకుంటాం, పార్టీ, అంటే బండి ఓనరు, ఒప్పుకుంటే అది తెస్తాం, ఒప్పుకోకపోతే తక్కువది. ఈ అలవాటు పోవాలని నా కోరిక. తనంతట తాను మంచిదీ చెడ్డదీ అనే ప్యాకింగ్ ఉండదు. మీరు విప్పిన ఆ జాయింటుకు, ఇప్పుడు ఆ ఫేసులు, అంటే అక్కడ ఒకదానికొకటి ఆనే లోహపు ముఖాలు, ఉన్న స్థితికి సరిపోయేది ఉంటుంది, సరిపోనిది ఉంటుంది. వెయ్యి రూపాయలు ఎక్కువ పోసి తెచ్చింది మూడు వందల రూపాయలదాని కంటే ముందే పోవచ్చు. ఎందుకు పోతుందో చెప్పడానికే వచ్చాను.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఇంజనులో పేలుడు ఒత్తిడిని ప్యాకింగ్ ఆపుతుందనుకుంటాం. ఆపేది బోల్టు. సిలిండర్లున్న కింది భాగం బ్లాకు, దాన్ని పైనుంచి మూసేది హెడ్డు. హెడ్డును బ్లాకుకు అదిమి పట్టేది బోల్టే. ప్యాకింగ్ పని వేరు. రెండు ఫేసుల మధ్య మిగిలిపోయిన గీతల్నీ గుంతల్నీ నింపాలి. ఇంజను వేడెక్కి, చల్లారి, పేలుడు పేలుడుకీ హెడ్డు కాస్త లేచి పడుతుంటే ఆ సందు తెరుచుకోకుండా వెంటబడి మూస్తూ ఉండాలి. నింపే గుణం, వెంటబడే గుణం. మెత్తని పదార్థానికి మొదటిది ఎక్కువ, స్ప్రింగు స్టీలుకు రెండోది ఎక్కువ. రెండూ నిండుగా ఉన్న పదార్థం లేదు కాబట్టే ఎంచుకోవాల్సి వస్తోంది.

ఎంత బలంతో లేస్తుందో ఒక లెక్క చూద్దాం. మారుతి 800 పాత ఇంజను తీసుకోండి, 796 సీసీ, మూడు సిలిండర్లు. బోరు, అంటే సిలిండరు రంధ్రం వెడల్పు, 68.5 మిల్లీమీటర్లు. లోపల 50 బార్ ఒత్తిడి వచ్చిందనుకుంటే ఒక్కో సిలిండరు దగ్గర హెడ్డును పైకి తోసే బలం దాదాపు 1.9 టన్నులు. ఇప్పుడు స్విఫ్ట్ డీజిల్, 1248 సీసీ. బోరు 69.6, అంటే 1.1 మిల్లీమీటరే ఎక్కువ. కానీ కామన్ రైల్ టర్బో డీజిల్లో 150 బార్ మామూలు మాట. 150 వేసి లెక్క కడితే 5.8 టన్నులు! చూడటానికి ఒకే సైజు రంధ్రం, బలం మూడింతలు. ఇది ఒకసారి కాదు. ఇంజను 2,000 ఆర్‌పీఎం తిరుగుతుంటే ప్రతి సిలిండరులో నిమిషానికి 1,000 సార్లు.

దీనికి తోడు ఫేసులు పక్కకు కూడా జరుగుతాయి. ఇది చాలామంది గమనించరు. అల్యూమినియం హెడ్డు, బీడు (పోత ఇనుము) బ్లాకు ఉన్న ఇంజను తీసుకోండి. వేడికి అల్యూమినియం సాగేది బీడు సాగేదానికి దాదాపు రెట్టింపు. 400 మిల్లీమీటర్ల పొడవున్న హెడ్డు 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వెళ్తే 0.64 మిల్లీమీటరు సాగుతుంది. కింద బ్లాకు 0.31 సాగుతుంది. తేడా మిల్లీమీటరులో మూడో వంతు. బోల్టులు పట్టి ఉంచుతాయి కాబట్టి ఆ తేడా అంతా జారుడుగా బయటపడదు గానీ, పొద్దున బండి స్టార్ట్ చేసిన ప్రతిసారీ, ఆపి చల్లారిన ప్రతిసారీ ఆ పైనున్న లోహం ప్యాకింగ్‌ను రుద్దుతూనే ఉంటుంది. బీడు హెడ్డు, బీడు బ్లాకు ఉన్న అంబాసిడర్ కాలంలో ఈ బాధ ఇంతగా లేదు. అందుకే రెండు రాగిరేకుల మధ్య ఆస్బెస్టాస్ పెట్టిన ప్యాకింగ్ అప్పట్లో చక్కగా సరిపోయింది.

తర్వాత కాంపోజిట్ వచ్చింది. మధ్యలో ముళ్లు లేపిన స్టీలు రేకు, దానికి అటూ ఇటూ గ్రాఫైటో, ఆస్బెస్టాస్ లేని పీచు పదార్థమో అదిమి, సిలిండరు రంధ్రం చుట్టూ రేకు అంచు మడుస్తారు. ఆ అంచునే ఫైర్ రింగ్ అంటాం. ఇది మెత్తన, గుంతలు బాగా నింపుతుంది. దీని బలహీనత ఏమిటంటే వేడికి కాలక్రమంలో అణిగి పలచబడుతుంది. ప్యాకింగ్ పలచబడితే బోల్టు బిగువు తగ్గుతుంది. పాత బండ్లకు కొంత దూరం తిప్పాక హెడ్డు మళ్లీ టైట్ చెయ్యమని సర్వీసు పుస్తకంలో రాసింది ఇందుకే.

ఇప్పుడు వచ్చే కార్లలో ఎక్కువగా ఎమ్‌ఎల్‌ఎస్ ఉంటుంది, మల్టీ లేయర్ స్టీల్. మూడు నుంచి అయిదు పలచని స్టెయిన్‌లెస్ స్ప్రింగు స్టీలు పొరలు. ప్రతి రంధ్రం చుట్టూ పొరను అచ్చుకొట్టి సన్నని గట్టు లేపుతారు. బోల్టులు బిగిస్తే ఆ గట్టు అణుగుతుంది, హెడ్డు లేచినప్పుడు స్ప్రింగులా దాని వెంటే లేస్తుంది. పలచబడదు. మళ్లీ టైట్ చెయ్యనక్కర్లేదు, చెయ్యకూడదు కూడా. డీజిల్లో ఆ 5.8 టన్నుల్ని తట్టుకునేలా ఎంచుకున్నది ఇదే. మరి నింపే పని ఎవరు చేస్తారు? పొర మీద పూసిన రబ్బరు. ఆ పూత మందం సుమారు 25 మైక్రాన్లు. మిల్లీమీటరులో నలభయ్యో వంతు! పై గీతల్ని నింపడానికి దాని దగ్గర ఉన్న సరుకంతా అదే.

ఇదిగో, ఈ ప్యాకింగ్ చూడండి. చేతులు మారుస్తూ వెనక్కి పంపండి, అంచు పదునుగా ఉంటుంది, జాగ్రత్త. ఇది మా షెడ్డుకు వచ్చిన ఒక డీజిల్ బండిలోంచి తీసింది. బండి పేరు, అంతకుముందు పనిచేసిన షెడ్డు పేరు అనవసరం. ఓవర్‌హీట్ అయితే హెడ్డు ఫేసింగ్, అంటే ఫేసును లేత్‌లో పలచగా కోయించి చదును, చేయించారు, కొత్త ఎమ్‌ఎల్‌ఎస్ వేశారు, కొన్నాళ్లకే మళ్లీ రేడియేటర్లో బుడగలు. ప్యాకింగ్ డూప్లికేట్ అని షాపుతో గొడవ. ఇంకొకటి తెచ్చి వేశారు. అదీ పోయింది. మా దగ్గరికి వచ్చాక విప్పితే ఇది బయటపడింది. రెండో సిలిండరుకూ మూడో సిలిండరుకూ మధ్య చూడండి, ట్యూబ్‌లైట్ కిందకు వాల్చి చూస్తే కనపడుతుంది. నల్ల పూత మీద వంపు తిరిగిన గీతలు వరసగా అచ్చుపడ్డాయి. అవి ప్యాకింగ్ గీతలు కావు, లేత్ కట్టరు హెడ్డు మీద వదిలిన గీతలు. వాటిలో ఒక గీత వెంట పూత గోధుమరంగుకు మాడి, నీళ్ల రంధ్రం దాకా సన్నని దారి పడింది. గ్యాసు ఆ గీతలోంచే నీళ్లలోకి వెళ్లింది. ప్యాకింగ్ ఒరిజినలే. తప్పు ఫేసుది.

ఫేసు నునుపును ఆర్‌ఏ అనే కొలతతో చెప్తారు, మైక్రాన్లలో. పాత కాంపోజిట్ ప్యాకింగ్‌కు 1.5 నుంచి 2.5 దాకా ఉన్నా సర్దుకుంటుంది. పైగా మరీ అద్దంలా ఉంటే దానికి పట్టు దొరకదు. ఎమ్‌ఎల్‌ఎస్‌కు 0.8 లోపు ఉండాలన్నది నేను పాటించే గీత. కంపెనీ పుస్తకంలో వేరే అంకె ఉంటే ఆ పుస్తకమే ప్రమాణం. ఆర్‌ఏ అనేది సగటు అండీ. సగటు 2 మైక్రాన్లంటే, లోతైన గీత పది మైక్రాన్లు కూడా ఉండొచ్చు. హెడ్డు వైపు పది, బ్లాకు వైపు కొంత, దానికి తోడు ఎత్తుపల్లాలు. ఆ 25 మైక్రాన్ల పూత ఎంతని నింపుతుంది?

నునుపు ఒకటి, చదును ఒకటి. రెంటినీ కలపొద్దు. చదును చూసేది స్ట్రెయిట్ ఎడ్జ్ (వంకరలేని ఉక్కు పట్టీ), ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకులు)తో. పొడుగునా, అడ్డంగా, రెండు ఐమూలలూ పెట్టి చూడాలి. చిన్న పెట్రోలు ఇంజన్లకు సాధారణంగా 0.05 మిల్లీమీటరు దగ్గర హద్దు ఉంటుంది. స్కేలు పెట్టి వెలుతురు కనపడలేదు, చాలనుకోకండి, ఆ స్కేలే వంకరేమో. హెడ్డు చూసి బ్లాకును వదిలేసే అలవాటు మనది. బ్లాకు బండిలోనే ఉంటుంది, వంగి చూడాలి, నడుం నొప్పి. కానీ సిలిండర్ల మధ్య సన్నని చోట బ్లాకు కుంగిందంటే హెడ్డు ఎంత అద్దంలా ఉన్నా ప్రయోజనం లేదు.

నీళ్ల రంధ్రాల చుట్టూ తినేసిన గుంతలు మూడోది. ఇది మన ప్రాంతంలో ఎక్కువ. కూలెంటు బదులు బోరు నీళ్లు పోస్తారు, ఉప్పు నీళ్లు, సున్నం నీళ్లు. అల్యూమినియం హెడ్డులో ఆ రంధ్రాల అంచులు చెదపట్టినట్టు తినేసి ఉంటాయి. అలాంటి హెడ్డుకు ఎమ్‌ఎల్‌ఎస్ వేస్తే గట్టు సరిగ్గా ఆ గుంతల మీద పడుతుంది, నిలవదు. వెల్డింగ్ పెట్టి ఫేసింగ్ చేయించాలి, లేదా హెడ్డు మార్చాలి. మధ్యే మార్గం లేదు. రెండు నెలలు ఆగి ప్యాకింగ్ ఖర్చు, లేబరు, కూలెంటు, ఫేసింగ్ అన్నీ మళ్లీ పెట్టుకుంటే పార్టీకి తడిసి మోపెడవుతుంది. మొదటే చెప్పేయండి.

ఇప్పుడు మీరు అడగబోయేది నాకు తెలుసు. ఫేసు అంత బాగా రాకపోతే ఎమ్‌ఎల్‌ఎస్ బదులు కాంపోజిట్ వేసేస్తే పోలా? పాత పెట్రోలు ఇంజను, కంపెనీ మొదట కాంపోజిట్‌తోనే అమ్మింది, బ్లాకు ఫేసు మీద మామూలు మరకలున్నాయి, దానికి నిస్సందేహంగా కాంపోజిటే వేయండి. అలాంటి బండికి ‘స్టీలుది స్ట్రాంగ్’ అని ఎమ్‌ఎల్‌ఎస్ వేసి చెడగొట్టిన కేసులు నేను చాలా చూశాను. కానీ ఎమ్‌ఎల్‌ఎస్‌తో పుట్టిన టర్బో డీజిల్‌కు మాత్రం కాంపోజిట్ వేయొద్దు. ఒత్తిడి, బోల్టు బిగువు, మందం అన్నీ స్టీలును దృష్టిలో పెట్టుకుని కట్టిన ఇంజను అది. అక్కడ ఫేసును ప్యాకింగ్ స్థాయికి తేవాలి. ప్యాకింగ్‌ను ఫేసు స్థాయికి దింపకూడదు.

మందం గురించి కూడా చెప్తాను. డీజిల్లో పిస్టన్ పైకొచ్చినప్పుడు బ్లాకు ఫేసు దాటి కొంచెం బయటకు పొడుచుకొస్తుంది. ఎంత వచ్చిందో డయల్ గేజ్‌తో కొలిచి, దానికి తగ్గ మందం ఎంచుకోవాలి. మన దగ్గర తిరిగిన స్కోడా ఆక్టేవియా 1.9 టీడీఐ చూడండి. ప్యాకింగ్ చెవి మీద ఒక రంధ్రం ఉంటే 1.45 మిల్లీమీటర్లు, రెండుంటే 1.53, మూడుంటే 1.61. పిస్టన్ 0.91 నుంచి 1.00 దాకా వస్తే ఒక రంధ్రం, 1.10 దాకా రెండు, 1.20 దాకా మూడు. పాతదాని మీద ఎన్ని రంధ్రాలున్నాయో చూడకుండా చెత్తలో పారేసి, షాపులో ఏది ఉంటే అది తేవడం ఘోరం. పలచనిది పడితే పిస్టన్ వెళ్లి వాల్వును, హెడ్డును తాకే ప్రమాదం. మందంది పడితే కంప్రెషన్ తగ్గి చలికాలం పొద్దున్నే స్టార్ట్ కాదు, పొగ. పిస్టన్లో, కనెక్టింగ్ రాడ్లో మార్చినప్పుడు పాత రంధ్రాలు కూడా పనికిరావు, మళ్లీ కొలవాల్సిందే.

శుభ్రం చేసే పద్ధతి. డ్రిల్లుకు ముతక రాపిడి డిస్కు పెట్టి అల్యూమినియం ఫేసును రుద్దుతున్నారు, అయిదు నిమిషాల్లో తళతళలాడుతుంది. దయచేసి మానేయండి. రెండు నష్టాలు. ఒకటి, రుద్దినచోట లోతు పడుతుంది, చూపుకు తెలియదు, చదును పోతుంది. రెండు, డిస్కులోంచి రాలే పొడి అల్యూమినియం ఆక్సైడ్, బేరింగుల్ని అరగదీసే సరుకు. ఆయిలు దారిలో పడితే కొత్తగా వేసిన బేరింగులు కూడా పోతాయి. ప్లాస్టిక్ స్క్రాపరు, ప్యాకింగ్ రిమూవరు ద్రవం, ఓపిక. ఇంతే కావలసింది. ఇంజను వేడి మీద ఉండగా హెడ్డు బోల్టులు వదులు చేయకండి, హెడ్డు వంకర పోతుంది.

బోల్టు రంధ్రాల్లో నీళ్లూ ఆయిలూ ఉండిపోతే బోల్టు కింద ద్రవం ఇరుక్కుని బ్లాకు పగలొచ్చు. గాలి కొట్టి ఆరబెట్టండి, కళ్లద్దాలు పెట్టుకుని. మీరు టార్క్ రెంచ్ మీద పెట్టే టార్క్‌లో, అంటే తిప్పే బలంలో, సుమారు 90 శాతం రాపిడికే పోతుంది, బిగువుగా మారేది 10 శాతమే. అందుకని థ్రెడ్డు తుప్పు పట్టిన బోల్టుకూ, థ్రెడ్డు శుభ్రంగా ఉన్న బోల్టుకూ ఒకే టార్క్ పెడితే ఒకే బిగువు రాదు. ఇంత టార్క్, తర్వాత 90 డిగ్రీలు, మళ్లీ 90 డిగ్రీలు అని రాసి ఉందంటే ఆ బోల్టులు సాగేలా చేసినవి. ఒకసారి సాగాయి, రెండోసారి పాతవే వేస్తే ఎప్పుడు తెగుతాయో చెప్పలేం. కంపెనీ కొత్తవి వేయమంటే కొత్తవే.

ఎమ్‌ఎల్‌ఎస్ మీద అనబాండ్ (ట్యూబు సిలికాన్) గానీ గ్రీజు గానీ పూయొద్దు. పూత ఉంది కదా. మనం పూసింది ఆ గట్టు పనికి అడ్డం. టైమింగ్ కవరూ బ్లాకూ హెడ్డూ మూడూ కలిసే మూల దగ్గర చుక్క పెట్టమని పుస్తకం చెప్తే అక్కడ చుక్క, అంతే.

హెడ్డు దగ్గర ఇంత సేపు ఆగాను, అక్కడ తప్పు జరిగితే ఇంజను పోతుంది కాబట్టి. మిగతా జాయింట్లలో అంత ఒత్తిడి లేదు, అక్కడ లోపల ఏం పారుతోందన్నదే అసలు ప్రశ్న.

ఇంజను పైన వాల్వుల్ని కప్పే ట్యాపెట్ కవరు, అడుగున ఆయిలు నిలిచే ఛాంబరు. లోపల వేడి ఆయిలు. పాత బండ్లకు కార్క్, అంటే రబ్బరు కలిపిన కార్క్ షీటు. రేకు కవరు బోల్టు దగ్గర వంగిపోయి, మధ్యలో పైకి లేచి ఉంటే కార్కే ఆ తేడాను మింగుతుంది. కానీ మనం కారుతోందని గట్టిగా బిగించి, కార్కు పిండై బయటకు వచ్చేదాకా తిప్పుతాం, రేకు ఇంకా వంగుతుంది. రేకును చదును చెక్క మీద పెట్టి వెనకనుంచి తట్టి సరిచేశాక వేయండి. షాపులో ఏళ్ల తరబడి వేలాడిన కార్కు ఎండి కుంచించుకుంటుంది, రంధ్రాలు కలవవు. లాగి సాగదీయకండి, వేరేది తెచ్చుకోండి. కొత్త బండ్లలో అచ్చుపోసిన రబ్బరు ఉంటుంది. నైట్రైల్ రబ్బరు ఆయిలుకు మంచిది, చవక, కానీ 100, 120 డిగ్రీల దగ్గర ఏళ్ల తరబడి ఉంటే రాయిలా గట్టిపడుతుంది. విప్పేటప్పుడు పుల్లల్లా విరిగేది అదే. సిలికాన్ రబ్బరు, ఎఫ్‌కేఎమ్ అనే ఫ్లోరిన్ రబ్బరు 200 డిగ్రీల దాకా ఆగుతాయి. టర్బో దగ్గరి ఆయిలు జాయింట్లకు రేటు చూసి నైట్రైల్ వేయొద్దు.

నీళ్ల వైపు, థర్మోస్టాట్ ఓ-రింగు, వాటర్ బాడీ (నీళ్ల పంపు) రింగు సాధారణంగా ఈపీడీఎమ్ రబ్బరు. కూలెంటుకు బ్రహ్మాండం, ఆయిలు తగిలిందా ఉబ్బి మెత్తబడిపోతుంది. ఎక్కించేటప్పుడు జారడానికి గ్రీజు రాస్తారు చూడండి, అదే దానికి విషం. కూలెంటుతోనే తడిపి ఎక్కించండి. నలుపు రింగులన్నీ కంటికి ఒకటే, సైజు కలిసిందని డబ్బాలోంచి ఏదో ఒకటి తీయకండి, పార్ట్ నంబరుతో తెండి.

ట్యూబులో వచ్చే సిలికాన్. అనబాండ్ అని మనమందరం పిలిచేది. ఛాంబరుకు కంపెనీయే దీన్ని వాడితే మనమూ వాడాలి. ఫేసు మీద ఆయిలు చుక్క లేకుండా తుడిచి, రెండు మూడు మిల్లీమీటర్ల తాడులా, బోల్టు రంధ్రం లోపలి వైపుగా, తెగకుండా పెట్టి, పది నిమిషాల్లోపే కవరు ఎక్కించాలి. పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు. ‘కాస్త ఎక్కువ పెడితే ఖాయంగా ఆగుతుంది’ అని రెండు వేళ్ల మందం పూస్తారు. బయటకు వచ్చింది తుడుస్తాం, లోపలికి వెళ్లింది ఎవరు తుడుస్తారు? అది తెగి ఆయిలులో పడి స్ట్రెయినరుకు అడ్డుపడుతుంది, ఆయిలు ప్రెషర్ పడిపోతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, చుక్క ఆయిలు కారకుండా ఆపబోయి క్రాంకు పోగొట్టుకుంటాం. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఇంజను దగ్గరికే తేకండి. ఆ ఆవిరి లోహాన్ని తింటుంది, ఆక్సిజన్ సెన్సరుకూ మంచిది కాదు. ప్యాకెట్ మీద సెన్సర్ సేఫ్ అని ఉన్నది చూసుకోండి. పెట్రోలు తగిలేచోట మాత్రం ఏ సిలికాన్ అయినా పనికిరాదు. కార్బొరేటరుకు పూస్తే ఉబ్బి, ఊడి, జెట్టులోకి పోతుంది.

పెట్రోలు మాట వచ్చింది కాబట్టి. 2023 నుంచి బంకుల్లో ఈ20 వస్తోంది, 20 శాతం ఇథనాల్. పాత బండ్లలోని కొన్ని రబ్బర్లు, కార్కు, పేపరు ప్యాకింగులు దీనికి తయారైనవి కావు. పాత బండ్లలో కొన్నింటికి 20,000, 30,000 కిలోమీటర్లు తిరిగాక రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావొచ్చని 2025లో పెట్రోలియం మంత్రిత్వ శాఖే చెప్పింది. కాబట్టి పాత కార్బొరేటర్ బండి ఓవర్‌హాల్‌కు వస్తే పార్టీ అడగకపోయినా పెట్రోలు వైపు సీళ్లన్నీ మార్చండి, దొరికితే ఎఫ్‌కేఎమ్ వేయండి. పెట్రోలు కారితే నిప్పు అంటుకుంటుంది, అది ఆయిలు కారడం లాంటిది కాదు.

సైలెన్సరు మ్యానిఫోల్డు. పెట్రోలు ఇంజనులో అక్కడి గ్యాసు 800, 900 డిగ్రీలు కూడా ఉంటుంది. గ్రాఫైటు మంచిదే గానీ గాలి తగులుతూ 450 డిగ్రీలు దాటితే మెల్లగా కాలి పలచబడుతుంది. అందుకని వేడి బాగా ఎక్కువున్న టర్బో బండ్లకు గట్లు లేపిన స్టీలుదో, అభ్రకం కలిపినదో వేయాలి. మామూలు ప్యాకింగ్ షీటు కోసి మ్యానిఫోల్డుకు వేస్తే వారంలో బూడిద.

ప్యాకింగ్ షీటు అన్నాను కాబట్టి, ఈ మాట కాస్త గట్టిగానే చెప్తాను. మన షెడ్లలో ఇప్పటికీ ఆస్బెస్టాస్ షీటు తిరుగుతోంది. ఇది మనకు దూరపు సరుకేమీ కాదు, కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో భూమిలోనే ఆ నిక్షేపాలున్నాయి. వేడికి ఆగుతుంది, చవక, కోయడం తేలిక, ఒప్పుకుంటాను. కానీ దాని పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే బయటకు రాదు. క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ దాన్ని మొదటి వరసలో పెట్టింది. జబ్బు ఇరవై, ముప్పయ్, నలభై ఏళ్లకు బయటపడుతుంది. మీలో చాలామందికి ఇప్పుడు ఇరవై ఏళ్లు, లెక్క మీరే వేసుకోండి. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2005 నుంచి నిషేధం. మనం దాన్ని కవరు మీద పెట్టి, గుండుసుత్తితో అంచులు కొట్టి కోస్తాం. మిగిలిన ముక్కను గాలిపైపుతో ఊదుతాం. ఎదురుగా పదహారేళ్ల కుర్రాడు నిలబడి ఉంటాడు.

ఆస్బెస్టాస్ లేని షీటు ఇదే ఆటోనగర్‌లో దొరుకుతుంది, దాన్ని పేరుపెట్టి అడగండి. పాత అంబాసిడరో, పద్మినీయో, పాత ట్రాక్టరో విప్పేటప్పుడు లోపల ఉన్నది ఆస్బెస్టాసే అనుకుని పని మొదలుపెట్టండి. నీళ్లు చిలకరించి తడిపి గీకండి. వైరు బ్రష్షు మెషిను పెట్టొద్దు, గాలి కొట్టొద్దు. గీకినది తడిగానే ప్లాస్టిక్ కవరులో కట్టేయండి. మూతికి మంచి మాస్కు పెట్టుకోండి, రుమాలు పనికిరాదు. ఆ బట్టలు ఇంట్లో పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

ఇంక ప్రశ్నలుంటే అడగండి.

(ఇంజెక్టరు కింది రాగి వాషరును కాల్చి మళ్లీ వాడొచ్చా అని ఒకరు అడిగారు.)

రాగి ఒకసారి నలిగితే గట్టిపడుతుంది. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది, ఆ విద్య నిజమే. ఆయిలు పైపు బాంజో బోల్టు (లోపలి నుంచి ఆయిలు పారే బోల్టు) దగ్గర అత్యవసరమైతే అలా వాడుకోండి. కామన్ రైల్ ఇంజెక్టరు కింద మాత్రం వాడొద్దు. అక్కడ వాషరు మందమే ఇంజెక్టరు ముక్కు ఎంత లోపలికి దిగాలో నిర్ణయిస్తుంది. నలిగిన వాషరు మందం తగ్గిపోయి ఉంటుంది, కాల్చినా ఆ మందం తిరిగి రాదు. గ్యాసు లీకైతే ఇంజెక్టరు చుట్టూ బొగ్గు గడ్డకట్టి తర్వాత ఊడదీయలేరు. వాషరు ఖరీదెంత, ఇంజెక్టరు ఖరీదెంత?

(‘లేత్ వాళ్లను ఫినిష్ ఎంత వచ్చిందంటే చెప్పరు. మనం ఎలా తెలుసుకోవాలి?’ అని ఇంకొకరు.)

మంచి ప్రశ్న తమ్ముడూ. ఆర్‌ఏ కొలిచే మెషిను అన్ని వర్క్‌షాపుల్లో ఉండదు, ఉన్నచోట చేయించుకోండి. లేకపోతే ఫినిష్ పోల్చి చూసే నమూనా ప్లేటు దొరుకుతుంది, ఒక్కో గడి మీద ఒక్కో అంకె ఉంటుంది. నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. ఆ గడి మీద గోరు గీరి, హెడ్డు మీద కట్టరు గీతలకు అడ్డంగా అదే గోరు గీరితే తేడా వేలికి తెలుస్తుంది. కచ్చితమైన కొలత కాదది, కానీ 0.8కీ 2.5కీ తేడా గోరు పట్టేస్తుంది. అంతకంటే ముందు, హెడ్డు ఇచ్చేటప్పుడే నోరు తెరిచి చెప్పండి: ‘ఎమ్‌ఎల్‌ఎస్ వేస్తున్నాం అన్నా, చివరి కోత పలచగా తియ్యి, ఫీడు తగ్గించు, టూలు కొత్తగా పదును పెట్టు’ అని. అతను అరగంట ఎక్కువ తీసుకుంటాడు, డబ్బులూ కొంచెం ఎక్కువ అడుగుతాడు. ఇవ్వండి. ఎంత తీశాడో కూడా రాయించుకోండి, హెడ్డు ఎత్తు ఎంత మిగిలిందో కొలిచి పుస్తకంలోని కనీస ఎత్తుతో చూసుకోండి. తక్కువైతే ఆ ఇంజనుకు మందం ఎక్కువున్న రిపేరు సైజు ప్యాకింగ్ కంపెనీ చేస్తోందో లేదో షాపులో అడగండి. చేయకపోతే ఆ హెడ్డు పనికిరాదు. రెండు ప్యాకింగులు ఒకదాని మీద ఒకటి వేసి సర్దొద్దు.